పితూరీకి ముందు ఇల్లు

మన ప్రాంతం చరిత్ర చెప్పమంటే బడిపిల్లలు నాలుగు సంవత్సరాలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. 1879 రంప పితూరీ, 1922 మన్యం పోరాటం, 1940 జోడేఘాట్, 1967 శ్రీకాకుళం. నాలుగూ నిజమే, నాలుగూ గొప్పవే. అయితే ఆ సంవత్సరాల మధ్య మనవాళ్లు ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, సంతలో ఎంత చింతపండు ఇచ్చి ఎంత ఉప్పు తెచ్చుకున్నారు అని అడిగితే పుస్తకంలో జవాబు దొరకదు. తుపాకీ పేలినప్పుడే మన పేరు కచేరీ కాగితాల్లోకి ఎక్కింది. పేలకముందు మన ఇళ్లలో జరిగింది రాసినవాళ్లు తక్కువ.

ఆ కాగితాలనే నిదానంగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి పితూరీ ఇంట్లోనే పుట్టింది. కల్లు కుండ దగ్గర, అప్పు కాగితం దగ్గర, పొయ్యిలోకి కట్టె తెచ్చుకునే చోట, పోడు చెక్క దగ్గర. మన ఇంటి ముచ్చట్లు చిన్నవి కావు. మన చరిత్ర వాటితోనే మొదలవుతుంది. ఆ ముచ్చట్లు ఇప్పుడు ఎందుకు రాసిపెట్టుకోవాలో ఈ వ్యాసం చివర చెబుతాను.

కల్లు కుండ

గోదావరి జిల్లా రంప కొండల్లో జీలుగు చెట్టు ఇంటి ఆస్తి లాంటిది. గాదెలో గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో జీలుగు కల్లే కడుపు నింపేది. చుట్టం వస్తే కల్లు, పెళ్లి మాట కుదిరితే కల్లు, చావు ఇంట్లో కల్లు, దేవరకు ముందుగా కల్లు. దాన్ని తాగుడు అని మాత్రమే చూసినవాడికి మన ఇల్లు అర్థం కాదు.

రంప మన్సబుదారు ఈ చెట్ల మీద చిగురు పన్ను వేశాడు. దానికి తోడు సర్కారు అబ్కారీ నియమాలు వచ్చాయి. సొంతానికి కూడా కల్లు గీసుకోకూడదని, గీత హక్కు గుత్తకు పాడుకున్నవాడిదని అన్నారు. తాత నాటినప్పటి నుంచి గీసుకుంటున్న చెట్టు కిందికి ఒక గుత్తేదారు మనిషి వచ్చి పన్ను అడిగాడు. 1879 మార్చిలో కొండలు భగ్గుమన్నాయి. ముఠాదారులు, రైతులు కలిశారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటివారు ముందు నడిచారు. 1880లో పితూరీ అణగిపోయింది కానీ మన్సబుదారు పెత్తనం కూడా దానితోనే పోయింది. సర్కారు ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది.

అప్పు కాగితం

కల్లు పన్ను ఒక్కటే అయితే ఆ మంట అంత దూరం పాకేది కాదు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పటికే కొండల్లో దిగారు. ఉప్పు, గుడ్డ, పొగాకు అరువు ఇచ్చేవారు. పంట వచ్చాక ధాన్యంగా, చింతపండుగా తీసుకునేవారు. చదువు రాని మనిషి వేలిముద్ర వేసేవాడు. ఆ కాగితంలో ఏముందో షావుకారుకే తెలుసు. తరవాత కోర్టు కెళ్లి, మనవాడు హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకునేవాడు. ఆ డిక్రీ పట్టుకుని పశువులను తోలుకుపోయేవారు. పితూరీ తరవాత విచారణ చేసిన అధికారులే ఈ సంగతి రాశారు. అయిదు రూపాయల డిక్రీ కింద వంద రూపాయల విలువైన సరుకు, పశువులు పట్టుకుపోయిన ఉదంతం వాళ్ల రాతల్లోనే ఉంది.

ఆ అయిదు రూపాయల ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుంది? దుక్కిటెద్దు పోయిన రైతు మర్నాడు ఏం దున్నాడు? ఆ ఇంటి ఆడమనిషి పిల్లలకు ఏం వండింది? అధికారి అంకె రాశాడు కానీ ఇల్లు రాయలేదు.

ఈ గోడుకు చట్టంలో జవాబు రావడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం చేసింది. కొండ తెగల మనిషి దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ, వడ్డీ మీద వడ్డీ కోర్టు ఒప్పుకోకూడదని అంది. ఏజెంటు అనుమతి లేకుండా కొండ తెగల భూమి ఇతరులకు చెల్లదని అంది. మంచి చట్టమే. అయితే అది ఇంగ్లీషు కాగితం మీద ఉంది, అప్పు మాత్రం సంతలో, నోటి మాట మీద నడిచింది. ఆ రెండూ ఎదురుపడటం అరుదు.

కట్టె, మేత, పోడు

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీత గీశాక నిన్నటిదాకా అందరిదైన అడవి సర్కారుదయింది. కట్టె కొడితే జరిమానా, పశువు మేస్తే పుల్లరి, పోడు కొడితే కేసు. అడవి పోవడం అంటే కొన్ని చెట్లు పోవడం అనుకుంటారు బయటివాళ్లు. సామలు, కొర్రలు, చోళ్లు, కందులు ఒకే చెక్కలో కలిపి పండించుకునే తిండి పోవడం అది. కొత్త పంటను కొత్తల పండగ చేసి, దేవరకు పెట్టాకే తినే ఇంట్లో, పోడు లేకపోతే పండగ కూడా లేదు.

గూడెం ప్రాంతంలో దీని మీద రోడ్డు పని వచ్చి పడింది. ఘాట్ రోడ్డుకు మనుషులను బలవంతంగా తోలి, అరకొర కూలి ఇచ్చి పని చేయించారు. అక్కడి తహసీల్దారు బాస్టియన్ పేరు అలా మిగిలిపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగిందంటే దాని వెనుక ఈ కూలి, ఈ కట్టె, ఈ పోడు ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు పేరు దేశమంతా తెలుసు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరుల పేర్లు మన పిల్లలకైనా తెలియాలి. జైలు శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు.

నైజాం వైపూ కథ ఇదే. ఆదిలాబాదు అడవుల్లో గోండులు, కోలాములు కొట్టుకున్న చేలకు పట్టా వేరేవాళ్ల పేరున పుట్టేది. పశువుల మేతకు, కట్టెకు జంగ్లాతు వాళ్లు డబ్బు గుంజేవారు. కొమరం భీం జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. నీళ్లు, అడవి, భూమి అనే ఆ మూడూ ఒక ఇల్లు నిలబడటానికి కావలసినవే. ఆ తరవాతే నైజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల స్థితి చూసి రమ్మంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి.

పాలేరు లెక్క

శ్రీకాకుళం కొండల్లో సవర, జాతాపు ఇళ్లకు అప్పు వేరే రూపంలో వచ్చింది. తండ్రి అప్పుకు కొడుకు పాలేరు అయ్యేవాడు. పండిన చేనే తాకట్టులో ఉండేది. గిరిజన సంఘం పాలేరు జీతం పెంచమని, తాకట్టు భూములు తిరిగి ఇమ్మని అడిగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్నవారి మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. తరవాత జరిగింది అందరికీ తెలిసినదే.

1959లో ఆంధ్ర ప్రాంతానికి వచ్చిన భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకూ వర్తించింది. 1970లో దాన్ని గట్టిపరిచారు. అదే మనం 1/70 అంటున్నది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుడికే బదిలీ కావాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని మొదట అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత అతనిదే. ఇంత పదునైన చట్టం ఉండి కూడా భూములు పోతున్నాయి. ఎలా? మనవాడి పేరు కాగితం మీద ఉంటుంది, పంట వేరేవాడి గాదెకు పోతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టింది మన ఇంట్లోనే, మన చాప మీద కూర్చునే. ఈ మాట మనం మనలో మనం మాట్లాడుకోవాలి.

ముసలివాళ్ల మాట సాక్ష్యమే

ఇక ఇవన్నీ ఇప్పుడు ఎందుకు అంటే, కారణం ఉంది.

2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిలో ఉన్న గిరిజన కుటుంబం హక్కు అడగవచ్చు. దానికి ఏం సాక్ష్యం చూపాలో నిబంధనల్లో ఉంది. సర్కారు కాగితాలు, పటాలు ఒక రకం. అవి మనలో చాలా ఇళ్లలో లేవు. అయితే ఇల్లు, చేను చదును చేసిన గుర్తులు, గట్లు సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవర చోటు సాక్ష్యమే. తాతముత్తాతల వంశక్రమం సాక్ష్యమే. హక్కు అడిగే మనిషి కాక ఊళ్లోని వేరే పెద్దవాళ్లు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. సామూహిక హక్కుకైతే పశువులు మేపిన చోటు, దుంపలు తవ్విన చోటు, అడవి పండ్లు ఏరిన చోటు, చేపలు పట్టిన వాగు కూడా లెక్కలోకి వస్తాయి. దరఖాస్తు మొదట చూసేది గ్రామసభే.

అవ్వ పొయ్యి దగ్గర చెప్పే ముచ్చట ఇప్పుడు చట్టం ముందు సాక్ష్యంగా నిలబడుతుంది. నూరేళ్ల కింద వేలిముద్ర మనల్ని ముంచింది. ఇప్పుడు అవ్వ మాట మనల్ని నిలబెట్టగలదు. కానీ రాసిపెట్టనిది నిలబడదు. ఒక పెద్దమనిషి పోయినప్పుడు ఏ బండ దగ్గర ఎవరి చేను మొదలయిందో, ఏ ఊట పేరు ఏమిటో ఆయనతోనే పోతోంది.

మరో మాట. దుంపలు తవ్వేది, అడ్డాకులు కుట్టేది, సంతలో కుంచం దగ్గర తగువు పడేది ఎక్కువగా ఆడవాళ్లే. కచేరీ కాగితాల్లో వాళ్ల పేర్లు దాదాపు లేవు. అటవీ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టమే చెబుతోంది. మనం రాసే చరిత్ర చట్టం కంటే వెనకబడి ఉండకూడదు. తాతను అడిగిన ప్రతి ప్రశ్నా అవ్వనూ అడగాలి.

ఉపాధ్యాయులకు, యువతకు

పంతుళ్లు, టీచరమ్మలు వేసవి సెలవులకు పిల్లలకు ఒక పని అప్పజెప్పాలి. ఒక్కొక్కరు తమ ఇంట్లో, పక్కింట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగాలి. మన ఇల్లు ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి పోడు ఏ కొండ మీద? మీ చిన్నప్పుడు ఉప్పుకు ఏం ఇచ్చేవారు, కొలత ఏది? ఎవరికి అప్పు ఉండేది, ఎలా తీరింది? ఏ భూమి పోయింది, ఎలా పోయింది? మన పెద్దలను ఎక్కడ పెట్టారు? చెప్పినవారి పేరు, విన్న తేదీ రాయాలి. వాళ్లు చెప్పిన భాషలోనే రాయాలి. కువి అయినా, సవర అయినా, కోయ అయినా, గోండీ అయినా తెలుగు లిపిలో రాసుకోవచ్చు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని పుస్తకాలు రాసి నూరేళ్లు దాటింది. గోండీకైతే ఆదిలాబాదు గుంజాలలో దొరికిన సొంత లిపి కూడా ఉంది. మనకు రాత లేదు అనే మాట ఇక వదిలేద్దాం.

ఆ నోటుపుస్తకం బడిలో ఒకటి, గ్రామసభ దగ్గర ఒకటి ఉంచాలి. పోయిన తరం పితూరీ చేసి చట్టాలు తెచ్చింది. ఆ చట్టం ఊరికి వచ్చి సాక్ష్యం ఏదని అడిగిన రోజున తీసి చూపించడానికి మన దగ్గర ఆ పుస్తకం ఉండాలి. ఈ వేసవిలోనే మొదలుపెడదాం. అన్నిటికంటే పెద్దవయసు మనిషి ఏ ఇంట్లో ఉన్నారో, ముందు ఆ ఇంటికే వెళదాం.