డెల్కో: ఒక మాట వెనుక కథ

1986 వేసవిలో మా బావగారి అంబాసిడరులో పిల్లలను షామీర్‌పేట చెరువు చూపించడానికి బయలుదేరాము. మేడ్చల్ చేరేసరికి కారు మొరాయించింది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజనులో గులకరాళ్లు కదిలించినట్లు చప్పుడు. నిలిపితే వణికి ఆగిపోవడం. నాగపూరు రహదారి పక్కన వేపచెట్టు కింద దుకాణం పెట్టుకొన్న ఉస్తాదు కాసేపు చెవియొగ్గి విని, "డెల్కో జరంత తిప్పాలె సారూ" అన్నాడు. పంతులునైన నేను ఊరుకోలేక, "డెల్కో కాదు నాయనా, డిస్ట్రిబ్యూటరు" అని దిద్దాను. అతడు నవ్వి పనిలో పడ్డాడు.

మొదట "ప్లాటినం" మధ్య ఖాళీ కొలిచాడు. అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. అది పెరిగితే నిప్పురవ్వ ముందుగా పుడుతుంది. ముషలకము పైకి రాకమునుపే మంట బలపడితే ఆ గులకరాళ్ల చప్పుడు. ఆలస్యమైతే బండికి సత్తువ ఉండదు. తరువాత బిగింపు వదులుచేసి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ విన్నాడు. కార్బురేటరు మర తిప్పి ఐడ్లింగు కుదర్చడం చివరి పని. టైమింగు మారితే ఐడ్లింగూ మారుతుంది గనుక ఈ వరుస తప్పరాదు. దీపమూ లేదు, మీటరూ లేదు. అంతా చెవి లెక్కే.

చాలా ఏళ్ల తరువాత తెలిసింది, తప్పు నాదని. 1909లో అమెరికాలోని డేటన్ పట్టణంలో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ స్థాపించిన డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ పేరులోని తొలి అక్షరాలే డెల్కో. బ్యాటరీ, కాయిలు, విడివడే ముల్లులతో వారు రూపొందించిన జ్వలన పద్ధతి 1910 నాటి కాడిలాక్ కార్లకెక్కింది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు కూర్చనారంభించింది. ఆ దారినే ఈ మాట మన ఉస్తాదుల నోటికి చేరిందని నా ఊహ. మా బావగారి కారులో ఉన్నది లూకాస్ వారిది. అయినా పేరు డెల్కోయే! ముల్లుల కొనలకు ప్లాటినం పోయి టంగ్‌స్టన్ వచ్చినా "ప్లాటినం" మాట పోలేదు. తిలల నుండి వచ్చినది తైలం. ఆవనూనెనూ తైలమనే అంటున్నాము కదా! తరగతిలో అర్థవిపరిణామం బోధించిన నేను కళ్లెదుట దాన్ని గుర్తించలేదు.

2014లో ఉత్తర్‌పాడాలో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. కొత్త కార్లలో నిప్పు ఎప్పుడు పుట్టాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది, తిప్పడానికి డెల్కో లేదు. రహదారి వెడల్పు చేసినప్పుడు ఆ వేపచెట్టూ దుకాణమూ పోయాయి. ఉస్తాదుకు చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.