రెండు నెలల మొహలత్

అబ్బా ఇంతెఖాల్ తర్వాత బేకరీ అల్మారీ సర్దుతుంటే రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి లేబర్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించే జీతాల రిజిస్టర్. రెండోది అసలు హిసాబ్. తొంభైల్లో ఒకసారి కనీస వేతనం పెరిగినప్పుడు రిజిస్టర్‌లో నలుగురు కారిగర్ల పేర్ల ఎదుట కొత్త తన్‌ఖా రాసి ఉంది. రెండో పుస్తకంలో పాతదే. మనిషికి నెలకు 150 రూపాయల ఫరక్.

అబ్బా బేఇమాన్ మనిషి కాదు, భయపడ్డారు. "రాత్రికి రాత్రి మన నెత్తిన పడేశారు బేటా" అనేవారు. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. ఆ ఖానూన్ తారీఖ్ చదివాకే తెలిసింది, అది రాత్రికి రాత్రి పడేది కాదని.

1928లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కనీస వేతనాల మీద ఒక ఒప్పందం చేసింది. మన దగ్గర బిల్లు రావడానికి 1946 ఏప్రిల్ దాకా పట్టింది. పెట్టింది అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న అంబేద్కర్. 1948లో ఖానూన్ అయింది. దాని మొదటి జాబితా చూడండి: బియ్యం, పిండి, పప్పు మిల్లులు, బీడీలు, తివాచీలు, శాలువా నేత, తోళ్ళ పని, రాళ్ళు కొట్టడం. మన బస్తీల్లో ఇంటింటికీ తెలిసిన మెహనత్ ఇది. జాబితాలో లేని పనుల్ని చేర్చే అధికారం రాష్ట్రాలకిచ్చారు. బేకరీల్లాంటివి అలా తర్వాత చేరాయి.

అదే ఖానూన్ ఐదో సెక్షన్‌లో మాలిక్ కోసం కూడా ఒక మాట ఉండేది. రేట్లు పెంచాలంటే సర్కారు కమిటీ వేసి విచారించాలి, లేదా ప్రతిపాదనను గెజెట్‌లో అచ్చేసి కనీసం రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలల మొహలత్ 2019 నాటి కొత్త వేతనాల కోడ్‌లోనూ ఉంది.

మొహలత్ ఉంది గానీ మాఫీ లేదు. కేరళ పెంకుల ఫ్యాక్టరీల మాలిక్‌లు మాకు అంత తాహత్ లేదని సుప్రీంకోర్టుకెళ్ళారు. 1961లో కోర్టు తేల్చేసింది: కనీస వేతనానికి మాలిక్ తాహత్‌తో సంబంధం లేదు. కారిగర్ తానే తక్కువకు ఒప్పుకొని వేలిముద్ర వేసినా ఆ ఒప్పందం చెల్లదని 25వ సెక్షన్ చెప్పేది. అబ్బా మాత్రం "వాళ్ళు రాజీ అయ్యారు కదా" అనుకొనేవారు.

ఆ రెండు నెలల్లో అబ్బా చేయాల్సిన హిసాబ్ నేను మొన్న రాత్రి చేశాను. నలుగురికి 150 చొప్పున నెలకు 600. బన్నులు రోజుకు 400, నెలకు 12,000. బన్నుకు ఐదు పైసలు! విడిగా కొనేవాళ్ళ దగ్గర ఐదు పైసలు అడగలేం, నిజమే. కానీ మా మాల్ ఎక్కువగా పోయేది చాయ్ హోటళ్ళకు, డజన్ లెక్కన. డజన్‌కు 60 పైసలు పెంచుతామని ముందే చెప్పి ఉంటే ఎంతమంది కాదనేవారు? మైదా ధర పెరిగినప్పుడల్లా చెప్పేవాళ్ళమే కదా. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఏడో నెలలో మా ఉస్తాద్ భట్టీ దగ్గర చెక్క పార గోడకానించి, సలామ్ చెప్పి వెళ్ళిపోయాడు. ఏమీ అడగలేదు. ఆయన బాకీ 1,050 రూపాయలు.

పోయిన జుమ్మా నమాజ్ తర్వాత ఆయన కొడుకు ఇంటికెళ్ళాను. మిగతా ముగ్గురి ఆచూకీ ఇంకా వెతుకుతున్నాను. కవర్ చేతిలో పెట్టి సంగతి చెప్పాను. చాలాసేపు దాన్ని తెరవలేదు. "అబ్బా ఉన్నప్పుడు తెచ్చుంటే బాగుండేది భాయ్" అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నాడు.