రేటి ఎండ్‌గేమ్ స్టడీ (1921)

చదరంగం ఎండ్‌గేమ్ సమస్యల్లో బాగా పేరుపొందినవాటిలో ఇది ఒకటి. రిచర్డ్ రేటి (1889–1929) దీన్ని 1921లో ప్రకటించాడు. బల్ల మీద ఉండేవి నాలుగే పావులు: ఇద్దరు రాజులు, రెండు బంట్లు. ఓటమి ఖాయమనిపించే స్థితిలోంచి తెల్లపక్షం డ్రా సాధిస్తుంది. పరిష్కారం చిన్నది, కంఠస్థం చేయడం తేలిక. అయితే ఆ ఎత్తుల వెనకున్న కారణం అర్థమైనవారికే ఇది తమ ఆటలో అక్కరకు వస్తుంది.

స్థితి

తెల్ల రాజు హెచ్8లో, తెల్ల బంటు సి6లో ఉంటాయి. నల్ల రాజు ఏ6లో, నల్ల బంటు హెచ్5లో ఉంటాయి. ఎత్తు తెల్లపక్షానిది.

నల్ల బంటు నాలుగు ఎత్తుల్లో హెచ్1 చేరి మంత్రి అవుతుంది. తెల్ల రాజు దాన్ని అందుకోగలడా లేదా అన్నది తేల్చడానికి ‘చతురస్ర నియమం’ ఉంది. బంటు నిలిచిన గడి నుంచి అది మంత్రి అయ్యే గడి వరకు ఒక భుజంగా తీసుకుని చతురస్రం ఊహించుకోవాలి. బంటు కదలబోయే వేళకు ఎదుటి రాజు ఆ చతురస్రంలో ఉంటే దాన్ని పట్టుకుంటాడు, బయటే ఉంటే పట్టుకోలేడు. హెచ్5 బంటుకు ఆ చతురస్రం మూలలు హెచ్5, డి5, డి1, హెచ్1. తెల్ల రాజు ఒక ఎత్తు వేసినా ఏడో అడ్డవరుస దాకానే వస్తాడు. రావలసింది ఐదో వరుసకు. అంటే సరిగ్గా రెండు ఎత్తులు వెనకబడ్డాడు.

తన బంటునైనా మంత్రిని చేసుకుందామంటే నల్ల రాజు దాని దగ్గరే కాచుకుని ఉన్నాడు. విడివిడిగా చూస్తే తెల్లపక్షానికి ఏ దారీ లేదు.

పరిష్కారం

1. తెల్ల రాజు జి7, నల్ల బంటు హెచ్4.
2. తెల్ల రాజు ఎఫ్6, నల్ల రాజు బి6.
3. తెల్ల రాజు ఇ5.

ఇక్కడ నల్లపక్షం ముందు రెండు దారులున్నాయి. రాజుతో సి6 బంటును కొడితే, తెల్ల రాజు ఎఫ్4కు వస్తాడు. బంటు హెచ్3కు జరిగితే రాజు జి3కి, బంటు హెచ్2కు జరిగితే రాజు దాన్ని కొట్టేస్తాడు. మిగిలేది ఇద్దరు రాజులే కాబట్టి డ్రా. అలా కాక మూడో ఎత్తులో బంటునే హెచ్3కు తోస్తే, తెల్ల రాజు డి6కు వెళ్లి తన బంటుకు కాపు నిలుస్తాడు. ఆపైన బంటు హెచ్2, తెల్ల బంటు సి7, నల్ల రాజు బి7, తెల్ల రాజు డి7. ఇద్దరికీ మంత్రులు వస్తాయి, ఆట డ్రా అవుతుంది.

రెండో ఎత్తులోనే నల్లపక్షం బి6 మాని బంటును హెచ్3కు తోసినా ఫలితం మారదు. తెల్ల రాజు ఇ7 మీదుగా డి7 చేరి తన బంటును గట్టెక్కిస్తాడు.

ఎందుకు పనిచేస్తుంది?

మొదటి కారణం రాజు నడకలో ఉంది. రాజుకు నిలువు అడుగైనా ఐమూల అడుగైనా ఒక్క ఎత్తే. హెచ్8 నుంచి హెచ్2కు తిన్నగా దిగితే ఆరు ఎత్తులు. జి7, ఎఫ్6, ఇ5, ఎఫ్4, జి3 మీదుగా చుట్టు తిరిగి వచ్చినా ఆరే. స్కేలు పెట్టి కొలిస్తే రెండో దారి సుమారు 1.4 రెట్లు పొడవు. అయినా ఎత్తుల లెక్కలో అదనపు ఖర్చు ఏమీ లేదు. మన కంటికి అలవాటైన దూరాల లెక్క బల్ల మీద చెల్లదు, ఈ పరిష్కారం చాలామందికి తట్టకపోవడానికి కారణం అదే.

రెండో కారణం ఇ5 గడి. తన బంటును కాచుకోవడానికి రాజు చేరవలసింది డి6, ఎదుటి బంటును అందుకోవడానికి చేరవలసింది ఎఫ్4. ఈ రెండింటికీ ఒక్క అడుగు దూరంలో ఉన్న గడి బల్ల మొత్తంలో ఇ5 ఒక్కటే. అక్కడ నిలిచిన రాజు రెండు బెదిరింపులు ఒకేసారి చేస్తాడు, నల్లపక్షం ఒక్కదానికే జవాబు చెప్పగలదు.

మూడోది ఎత్తుల జమాఖర్చు. సి6 బంటును కొట్టాలంటే నల్ల రాజు బి6, సి6 అని రెండు అడుగులు వేయాలి. తెల్ల రాజు వెనకబడింది కూడా రెండు ఎత్తులే. ఆ బంటు తన ప్రాణం ఇచ్చి రాజుకు కావలసిన రెండు ఎత్తులనూ సంపాదించిపెడుతుంది.

కారణం సరైనదేనా?

స్థితిని కొద్దిగా మార్చి చూస్తే తెలుస్తుంది. నల్ల రాజును ఏ6కు బదులు బి6లో ఉంచితే, సి6 బంటును కొట్టడానికి అతనికి ఒక్క ఎత్తు చాలు. తెల్ల రాజుకు కలిసొచ్చేదీ ఒక్కటే, అందుకే ఓడిపోతాడు. అసలు స్థితిలోనే మొదటి ఎత్తుగా బంటును సి7కు తోసినా ఓటమే. నల్ల రాజు బి7, సి7 అని రెండు అడుగులు వేయవలసి వచ్చినా, బంటును తోయడానికి తెల్లపక్షం తన ఎత్తు ఒకటి పోగొట్టుకుంది. కంప్యూటర్ టేబుల్‌బేస్ ఈ స్థితి ఫలితాన్ని క్షణంలో చెబుతుంది, కారణం చెప్పదు. ఇలా ఒక గడి మార్చి లెక్క మళ్లీ వేసుకోవడమే కారణం పట్టుకునే పద్ధతి.

చరిత్ర

రేటి నేటి స్లొవేకియాలోని పెజినోక్‌లో పుట్టాడు. 1924 న్యూయార్క్ టోర్నమెంటులో, ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరుగని ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకాను ఓడించాడు. ‘చదరంగంలో కొత్త భావనలు’ అనే అర్థం వచ్చే పేరుతో 1922లో జర్మన్‌లో పుస్తకం వెలువరించాడు. 1929లో ప్రాగ్‌లో మరణించాడు.

ఈ స్టడీకి ముందే, 1914 సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నమెంటులో ఎమాన్యుయేల్ లాస్కర్ ఇలాంటి ఐమూల నడకతోనే టారాష్ చేతిలో ఓటమి తప్పించుకున్నాడు. రేటి గొప్పతనం ఆ ఆలోచనలోంచి అనవసరమైనదంతా తీసేసి నాలుగు పావులకు కుదించడం. ఇందులో ఏ ఒక్క పావును తొలగించినా సమస్యే మిగలదు. ఇప్పుడు ‘రేటి మాన్యువర్’ అన్న పేరు ఈ ఒక్క స్థితికే పరిమితం కాదు. ఒకే నడకతో రెండు లక్ష్యాలను వెంబడించే రాజు ఎత్తుగడలన్నింటికీ ఆ పేరే వాడుతున్నారు.