ఫోర్డు ‘టి’ కారు వెనుక ఇరుసు

ఎద్దుబండి ఇరుసు విరిగిన యెడల బండి ఒకవైపునకు ఒరగును, ఎద్దులు ఆగును. బరువు దించి వడ్రంగిని పిలుచుకొని వచ్చుటకు వలసినంత వ్యవధి యుండును. మోటారుకారు ఇరుసు చెడినచో అట్టి వ్యవధి దొరకదు. కారు పల్లమునకు దిగుచుండగా అది చెడెనా, ప్రాణముమీదికి వచ్చును. ఈ మాట ఫోర్డు కంపెనీవారి ‘టి’ మోడలు విషయమున మిక్కిలి నిజము. దాని వెనుక ఇరుసును గూర్చియు, అందలి ఒక చిన్న లోహపు బిళ్లను గూర్చియు నేను కొంచెము వివరింపదలచితిని.

ఈ కారు అమెరికాలోని డెట్రాయిటు నగరమున 1908లో పుట్టినది. 1927లో తయారీ నిలిచిపోవునప్పటికి కోటిన్నర బండ్లు వెలువడినవి. మొదట 850 డాలర్లుగా నున్న వెల 1925 నాటికి 260 డాలర్లకు దిగినది. 1913లో హైలాండు పార్కు కర్మాగారమున, బండి పనివారి యెదుటికి తానే కదలి వచ్చు పద్ధతి నెలకొల్పబడుటయే ఈ చౌకకు ముఖ్యకారణము. సామాన్యులైన రైతులు సైతము కారు కొనగలిగిరి. మన దేశమునకు ఈ కార్లు కెనడా ఫోర్డు కంపెనీ ద్వారా వచ్చినవి. ఆ కంపెనీవారు 1926లో భారతదేశమున శాఖ స్థాపించిరి. నాటి కార్లను కొందరు నేటికిని ప్రీతితో కాపాడుచున్నారు. ఈ ప్రసంగము ముఖ్యముగా అట్టివారికిని, వారి కారులో కూర్చుండువారికిని అవసరమైనది.

కారు ఇరుసు మన బండి ఇరుసు వంటిది కాదు. మన బండిలో ఇరుసు కదలదు. చక్రములు దానిపై వేర్వేరుగా తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువదూరము, లోపలి చక్రము తక్కువదూరము నడచినను చిక్కులేదు. కారులోనన్ననో ఇరుసే చక్రములను త్రిప్పవలెను. రెండు చక్రములకును ఒకే కడ్డీ బిగించినచో మలుపులో ఏదో యొకటి నేలపై ఈడ్వబడును. కావున ఇరుసును రెండుగా కోసి, నడుమ కొన్ని పండ్లచక్రములను అమర్చెదరు. దీనినే డిఫరెన్షియల్ అందురు. ఫ్రాన్సుదేశీయుడైన పెక్కెర్ ఆవిరిబండి కొరకు 1828లోనే దీనికి పేటెంటు పొందెను.

‘టి’ కారులో ఇంజను నుండి వచ్చు పొడవైన కడ్డీ చివర పదునొకండు పండ్ల చిన్న చక్రమున్నది. అది నలువది పండ్ల పెద్దచక్రమును త్రిప్పును. ఇట్టి చక్రములు ఒకదానినొకటి త్రిప్పునపుడు త్రిప్పుటయే కాక, ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. పెద్దచక్రము ప్రక్కకు తొలగకుండ ఆ నెట్టుడును ఓర్చుకొనుటకు ప్రక్కన వాషరు అనబడు బిళ్ల యుంచబడినది. ఆ బిళ్లను బాబిట్ లోహముతో చేసిరి. తగరము, ఆంటిమొని, రాగి కలిసిన ఇట్టి మిశ్రలోహమును ఐజక్ బాబిట్ అను అమెరికా దేశీయుడు 1839లో ప్రచారమునకు తెచ్చెను. ఇది సులభముగా కరగును, సులభముగా పోతపోయబడును, మెత్తనిది. గట్టి ఆధారమున పొరగా పోసినపుడు బేరింగులకు చక్కగా ఉపకరించును. కాని ఒంటరి బిళ్లగా నిలిచి ఏండ్లతరబడి దెబ్బలు తినుట దీనికి తగిన పని కాదు. కాలక్రమమున పగుళ్లు వారి, తుదకు ముక్కలై పొడియగును.

బిళ్ల పోయినచో పెద్దచక్రము ప్రక్కకు జరిగి చిన్నచక్రమును విడిచిపెట్టును. అప్పుడు ఇంజను బలము చక్రములకు అందదు. అంతకంటె ఘోరమైనది మరియొకటి గలదు. ఈ కారున కాలితో త్రొక్కెడి బ్రేకు చక్రములవద్ద లేదు, గేరుపెట్టెలో నున్నది. అది కడ్డీని పట్టును; కడ్డీ పండ్లచక్రములను, అవి ఇరుసును పట్టవలెను. నడుమ పండ్లు విడిపోయిన పిమ్మట ఎంత త్రొక్కినను ఫలముండదు. చేతిబ్రేకు మాత్రమే వెనుకచక్రములను పట్టును. అది నిలిచియున్న బండిని ఆపుటకు తగినదే కాని, పరుగెత్తు బండిని ఆపుటకు చాలదు. ఈ కారణముననే పలువురు వెనుకచక్రములకు వెలుపలి పట్టీబ్రేకులను అదనముగా బిగించుకొనుచున్నారు.

పాతకారు కొన్నవారు అది చక్కగా నడచుచున్నదని తృప్తి పడరాదు. నూనె దింపి చూచునపుడు వెండివంటి రేకుపొడి కనబడినచో బిళ్ల చితుకుచున్నదని ఎరుగవలెను. పొడి కనబడకున్నను, లోపల ఏ బిళ్లయున్నదో తెలియనిదే రోడ్డెక్కరాదు. ఇరుసుగూడు రెండు దొప్పలుగా విడివడును. దానిని విప్పి, పాతలోహపు తునుకలను తుదముట్ట కడిగివేసి, బాబిట్ బిళ్లల స్థానమున కంచుబిళ్లలు వేయవలెను. కంచు నూనె తగులుచున్నంతకాలము దెబ్బలకు ఓర్చును. రెండు పండ్లచక్రముల నడుమ అంగుళములో నూరవవంతు మాత్రము సందుండునట్లు అమర్చవలెను. సందు తక్కువైన వేడెక్కి అరుగును. ఎక్కువైన ప్రతి కుదుపునకును పండ్లపై సమ్మెటపోటు పడును.

ఇరుసు కొనలను గూర్చియు జాగ్రత్త వలయును. కొన సన్నగా కూచియుండును. చక్రనాభి దానిపై బిగువుగా కూర్చుండును. నడుమ ‘కీ’ అను చిన్న ఉక్కుముక్క యుండును. నట్టు వదులైనచో బరువంతయు ఆ ముక్కపై పడి అది తెగును. ఒక్కచక్రమున అది తెగినను, డిఫరెన్షియల్ స్వభావమువలన త్రిప్పుబలమంతయు ఆ వైపుననే వృథాయగును; కాలిబ్రేకు రెండవచక్రమును గూడ పట్టజాలదు. కావున చక్రము విప్పి బిగించిన పిమ్మట కొన్నిమైళ్లు నడపి నట్టును మరల బిగించి, పిన్ను తప్పక దూర్చవలెను. మన బండికి కడచీల యెట్టిదో దీనికి ఈ పిన్ను అట్టిది. నూనె కూడ మితముగా పోయవలెను. అధికమైనచో ఇరుసు వెంబడి ప్రాకి చేతిబ్రేకును తడిపి, ఉన్న యొక్క రక్షణను చెరచును.

నడపువాని నేర్పును ఇరుసునకు కందెన వంటిదే. ఒక్కుమ్మడిగా పెడలు త్రొక్కి ఎగిరించి బయలుదేరుట, మోయరాని బరువెక్కించుట ఇరుసును చంపును. బరువుల కొరకు ఫోర్డువారు 1917లో వేరొక లారీని, దానికి వేరుపద్ధతి బలమైన ఇరుసును నిర్మించిరనుట గమనింపదగినది.

ఆ బిళ్లను చేసినవారు తమ కారు నూరేండ్లు నడచునని తలచి చేయలేదు. చౌకగా చేసి, లక్షలమందికి అందించిరి. ఆ మేలు కాదనరాదు. కాని నూరేండ్ల వస్తువును నడపుట మనము కోరుకొన్నపని. పైరంగు మెరుగునకు వెచ్చించు ధనములో కొంత ముందుగా కంటికి కానరాని ఆ బిళ్లకు వెచ్చించుట వివేకము.