రోడ్డెక్కని వేగం

మోటార్ షోలో జనం చుట్టూ మూగి ఫొటోలు తీసుకునే కొత్త స్పోర్ట్స్ కారు చాలాసార్లు కాన్సెప్ట్ మాత్రమే. ఆకారం చూపించడానికే దాన్ని చేస్తారు. కొన్నింటిలో ఇంజినే ఉండదు. ఆ ఆకారానికి ప్రాణం పోసి, ట్రాక్ మీద నడిపి, లోపాలు పట్టుకోవడానికి చేసేది ప్రోటోటైప్. అది బాగా నడిచినంత మాత్రాన షోరూముకు వస్తుందన్న హామీ లేదు. అద్భుతంగా పరుగెత్తి కూడా ప్రోటోటైప్ దశలోనే ఆగిపోయిన కార్లు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. అలా ఆగిన వాటిలో భారతీయ కంపెనీ సొమ్ముతో, భారతీయ కంపెనీ పేరుతో తయారైనవీ ఉన్నాయి.

గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకునే ఒక్క కారును తయారు చేయడం నేర్పున్న ఇంజినీర్లకు సాధ్యమైన పనే. అలాంటివి వందల సంఖ్యలో చేసి అమ్మడం దగ్గరే అసలు కష్టం మొదలవుతుంది. గోడకు గుద్దించి చూసే పరీక్షల్లో కార్లు తుక్కవుతాయి. పొగ, బ్రేకులు, లైట్లు, శబ్దం ఇలా ఒక్కోదానికి ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన. బాడీ రేకులు ఒత్తే అచ్చులకే కోట్లు కావాలి. లక్షల్లో అమ్ముడయ్యే చిన్న కారుకైతే ఈ ఖర్చంతా అన్నింటి మీదా పడి పలచబడుతుంది. 250 కార్లే చేస్తే మొత్తం భారం ఆ 250 నెత్తిన పడుతుంది. అందుకే ఇలాంటి కార్ల తలరాత టెస్ట్ ట్రాక్ మీద కంటే కంపెనీ బోర్డు గదిలోనే ఎక్కువగా తేలుతుంది.

జాగ్వార్ కంపెనీకి ఈ అనుభవం పాతదే. లే మాన్ 24 గంటల రేసు కోసం 1966లో ఎక్స్‌జే13 అనే కారును చేసింది. డ్రైవరు వెనక 5 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజిను. కారు సిద్ధమయ్యేసరికి ఫోర్డ్ 7 లీటర్ల ఇంజిన్లతో రేసును ఏలుతోంది. ఆ తర్వాత నిబంధనలు మారి ప్రోటోటైపులకు 3 లీటర్ల పరిమితి వచ్చింది. ఒక్క రేసులోనూ పాల్గొనకుండానే ఎక్స్‌జే13 మూలన పడింది. 1971లో ఒక ప్రచార చిత్రం కోసం బయటికి తీసి నడిపినప్పుడు టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ చేతుల్లో పల్టీలు కొట్టింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు. తర్వాత బాగుచేసిన ఆ ఏకైక కారు ఇప్పుడు ఇంగ్లండ్‌లోని గేడన్ మ్యూజియంలో ఉంది. మెర్సిడెస్ బెంజ్ సి111ది మరో దారి. పిస్టన్లకు బదులు రోటర్లు తిరిగే వాంకెల్ ఇంజినుతో 1969లో వచ్చిన ఈ కారు కోసం ఖాళీ చెక్కులు పంపినవాళ్లూ ఉన్నారని చెబుతారు. కానీ ఆ ఇంజిను ఇంధనం ఎక్కువ తాగేది, పొగ ఎక్కువ వదిలేది. కంపెనీ అమ్మకానికి ఒప్పుకోలేదు. సి111ను ప్రయోగశాలగా మార్చుకుని, అందులో డీజిల్ ఇంజిను పెట్టి వేగం రికార్డులు సాధించింది.

భారతీయ కంపెనీ ఈ చరిత్రలోకి అడుగుపెట్టింది 2000లో. ఇండికా చిన్న కారును మార్కెట్లోకి తెచ్చి రెండేళ్లయినా నిండని టాటా సంస్థ, అప్పటి పేరు టెల్కో, జెనీవా మోటార్ షోలో అరియా రోడ్‌స్టర్ అనే రెండు సీట్ల, పైకప్పు లేని కారును ప్రదర్శించింది. తర్వాత అదే పేరుతో కూపే నమూనా కూడా చూపించింది. కానీ 2000-01 ఆర్థిక సంవత్సరంలో టెల్కోకు దాదాపు 500 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. అంత నష్టంలో ఉన్న కంపెనీ స్పోర్ట్స్ కారు మీద డబ్బు పెట్టే పరిస్థితి లేదు. అరియా అన్న పేరు మాత్రం 2010లో మళ్లీ వినిపించింది, అది కుటుంబాలు ప్రయాణించే పెద్ద వాహనానికి.

2008లో టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొన్నది. మరో రెండేళ్లకు, జాగ్వార్ పేరు పుట్టి 75 ఏళ్లయిన సందర్భంగా, పారిస్ మోటార్ షోలో సి-ఎక్స్75 కనిపించింది. ఇయాన్ కాలమ్ నేతృత్వంలోని డిజైన్ బృందం దాని రూపాన్ని తీర్చింది. రూపం కంటే లోపలి ఏర్పాటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది. నాలుగు చక్రాలకు నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు, మొత్తం 778 హార్స్ పవర్. డ్రైవరు వెనక రెండు బుల్లి గ్యాస్ టర్బైన్లు. విమానం ఇంజిను సూత్రమే వీటిదీ: గాలిని పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువుతో లోపలి రెక్కల చక్రాన్ని తిప్పుతాయి. ఒక్కోటి 35 కిలోల బరువు, నిమిషానికి 80 వేల చుట్లు. అవి బండిని నేరుగా నడపవు, కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతాయి. వేగం గంటకు 330 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది.

ఒక్కసారి ఛార్జి చేస్తే బ్యాటరీ మీద 110 కిలోమీటర్లు, టర్బైన్లు కూడా పనిచేస్తే మొత్తం 900 కిలోమీటర్లు వెళ్తుందన్నది కంపెనీ లెక్క. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారి పట్టేవాళ్లకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. బ్యాటరీని మాత్రమే నమ్ముకుంటే మన్ననూరు చెక్‌పోస్టు రాకముందే బండి ఆగిపోతుంది, అమ్రాబాద్ ఘాటు ఎక్కే మాటే ఉండదు. టర్బైన్లు తోడైతే శ్రీశైలం రెండుసార్లు వెళ్లి రావచ్చు. ఛార్జింగ్ స్టేషన్లు దాదాపు లేని రోజుల్లో ఎలక్ట్రిక్ కారుకున్న పెద్ద భయానికి ఇంత సొగసైన జవాబు మరొకటి రాలేదు.

2011 మే నెలలో జాగ్వార్ దాన్ని నిజంగానే అమ్ముతామని ప్రకటించింది. ఫార్ములా వన్ జట్టు విలియమ్స్ భాగస్వామి. గరిష్ఠంగా 250 కార్లు, ఒక్కోటి 7 నుంచి 9 లక్షల పౌండ్లు. టర్బైన్లు అమ్మకానికి సిద్ధం కావడానికి ఇంకా సమయం పడుతుంది గనక వాటిని పక్కనపెట్టి 1.6 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజినును పెట్టారు. అప్పట్లో మన దగ్గర మధ్యతరగతి సెడాన్లలో కనిపించిన పరిమాణమే అది. దానికి టర్బోచార్జర్, సూపర్‌చార్జర్ రెండూ జోడించి, నిమిషానికి 10 వేల చుట్ల దగ్గర 500 హార్స్ పవర్ రాబట్టారు. ముందూ వెనకా ఒక్కో ఎలక్ట్రిక్ మోటారు చేరితే మొత్తం 850 హార్స్ పవర్ దాటింది. షోలో చూపిన దానికంటే ఈ ప్రోటోటైపే గొప్ప ఇంజినీరింగ్ అనడంలో అతిశయోక్తి లేదు. ఇదంతా మాటల్లో ఉండిపోలేదు. కార్లు తయారయ్యాయి, ట్రాక్ మీద పరుగెత్తాయి.

2012 డిసెంబరులో జాగ్వార్ ఆ ప్రాజెక్టును ఆపేసింది. ప్రపంచ ఆర్థిక పరిస్థితి బాగాలేనప్పుడు ఇంత ఖరీదైన కారు తేవడం సరికాదన్నది కంపెనీ వివరణ. ఆ తర్వాతి ఏడాదే, 2013లో, ఇదే తరహా హైబ్రిడ్ ఏర్పాటుతో మెక్‌లారెన్ పీ1, పోర్షే 918 స్పైడర్, లాఫెరారీ వచ్చాయి. వాటిలో 918 స్పైడర్లు 918, పీ1లు 375. అన్నింటికీ కొనుగోలుదారులు దొరికారు. జాగ్వార్ దగ్గర తయారుగా ఉన్న కారు ఆ మూడింటి సరసన నిలిచేదే. అప్పటి లెక్కల ప్రకారం నిర్ణయం జాగ్రత్తతో కూడినదే కావచ్చు, కానీ చేతికందిన అవకాశం జారిపోయిందన్నది నిజం.

సి-ఎక్స్75 తెర మీద మాత్రం వెలిగింది. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్పెక్టర్'లో రోమ్ వీధుల్లో బాండ్‌ను తరిమే ప్రతినాయకుడి కారు అదే. స్టంట్ల కోసం 5 లీటర్ల వీ8 ఇంజినుతో వేరుగా కార్లు చేశారు. జాగ్వార్ నుంచి బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టుకున్న ఇయాన్ కాలమ్, ఆ స్టంట్ కార్లలో ఒకదాన్ని 2024లో మామూలు రోడ్డు మీద తిరగడానికి తగినట్టు తీర్చిదిద్దారు.

టాటా మూడో ప్రయత్నం రేస్‌మో. 2017 ఫిబ్రవరిలో టామో అనే ఉపబ్రాండును ప్రకటించి, మార్చిలో జెనీవాలో ఈ రెండు సీట్ల బుల్లి కారును ఆవిష్కరించింది. డ్రైవరు వెనక 1.2 లీటర్ల, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిను, 190 హార్స్ పవర్, ఆరు సెకన్లలోపే 100 కిలోమీటర్ల వేగం. సూపర్ కార్లతో పోలిస్తే ఈ అంకెలు చిన్నవే. దీని విలువ తయారీ పద్ధతిలో ఉంది. లంబోర్గిని మియురా, కౌంటాక్ రూపశిల్పి మార్సెల్లో గాండిని ఆలోచన ఆధారంగా, ఖరీదైన అచ్చులు అవసరం లేకుండా తక్కువ సంఖ్యలో కార్లు చేయగల మోఫ్లెక్స్ అనే నిర్మాణాన్ని ఇందులో వాడారు. 250 కార్లే నెత్తిన మోయాల్సిన ఖర్చు సమస్యకు నేరుగా గురిపెట్టిన పరిష్కారం అది.

కానీ ఆ సమయంలో టాటా మోటార్స్ దేశీయ వ్యాపారం కష్టాల్లో ఉంది. ప్రధాన ఆదాయం తెచ్చే లారీల మార్కెట్లో వాటా తగ్గుతోంది. కొన్ని నెలల్లోనే రేస్‌మో అటకెక్కింది. 2018 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో మళ్లీ కనిపించినా అమ్మకానికి రాలేదు. సి-ఎక్స్75 కంటే రేస్‌మో ఆగిపోవడమే పెద్ద నష్టం. తక్కువ పెట్టుబడితో కొత్త కారును తేగల పద్ధతి ఇక్కడ ఒక్కసారి నిలదొక్కుకుని ఉంటే మరెన్నో చిన్న ప్రయత్నాలకు దారి ఏర్పడేది.

టాటా కార్లు అలా ఆగిపోయినా, తెలుగు నేల మీద రేసు కార్ల వేగం కనిపించిన రోజు ఒకటుంది: 2023 ఫిబ్రవరి 11. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు జరిగింది. మహీంద్రా, జాగ్వార్ జట్లు రెండూ పాల్గొన్నాయి. గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. ముందురోజు మహీంద్రా తన ఎలక్ట్రిక్ నమూనా కార్లను హైదరాబాద్‌లోనే ప్రదర్శించింది. వాటిలో బీఈ.05 తర్వాత బీఈ 6గా మార్కెట్లోకి వచ్చింది.

అమ్మకానికి వచ్చిన భారతీయ యాజమాన్యపు సూపర్ కారూ ఒకటుంది. మహీంద్రాకు చెందిన ఆటోమొబిలి పినిన్‌ఫరినా ఇటలీలో చేసే బాటిస్టా అది, 1,900 హార్స్ పవర్, గరిష్ఠంగా 150 కార్లు. దాని బ్యాటరీ, మోటార్లు క్రొయేషియా కంపెనీ రిమాక్ నుంచి వస్తాయి. సి-ఎక్స్75 కోసం జాగ్వార్, విలియమ్స్ మొదటి నుంచీ కొత్తగా తయారు చేసుకోవాల్సి వచ్చిన భాగాలు బాటిస్టాకు సిద్ధంగా దొరికాయి.