సూళ్లూరుపేట మిషన్‌లో వితంతువుల వాటా

సూళ్లూరుపేట పేరు చెబితే చెంగాళమ్మ గుడి, పులికాటు సరస్సు, శ్రీహరికోట గుర్తుకొస్తాయి. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ తెలుగు నేల మీద తొలి కేంద్రాన్ని 1865లో పెట్టిందీ ఈ ఊళ్లోనే. లూయీ హార్మ్స్ అనే పాస్టరు 1849లో ఒక రైతు పల్లెలో మొదలుపెట్టిన మిషన్ అది. దాని తరఫున వచ్చిన ఆగస్ట్ మీలియస్ అంతకుముందు తమిళనాట పనిచేసినవాడు. సూళ్లూరుపేట తర్వాత నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి వరకూ మిషన్ పాకింది. ఈ చరిత్రను దొరల పేర్లతో, కేంద్రాలు తెరిచిన సంవత్సరాలతో చెప్పడం ఆనవాయితీ. అయితే దొర ప్రసంగం వీధి అరుగు దాకానే వెళ్లగలిగింది. గడప దాటి లోపలికి వెళ్లింది ఆడవాళ్లు. వాళ్లలోనూ సముద్రం అవతలి నుంచి వచ్చిన దొరసానులకు దారి చూపినవాళ్లు స్థానిక స్త్రీలు, ముఖ్యంగా వితంతువులు.

ఏ వితంతువులు అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. విదేశాల్లో చందాల కోసం మిషన్లు చూపిన వితంతువు తల గొరిగించుకుని చీకటి గదిలో మగ్గే అగ్రవర్ణపు పిల్ల. ఆ బాధ అబద్ధం కాదు. 1856లో పునర్వివాహ చట్టం వచ్చినా, రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. కానీ నెల్లూరు సీమలో సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. వాళ్లలో మారుమనువు ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. ఆ వాడల్లో మగడు పోయిన మనిషికి ఆచారం కన్నా కూలి, అప్పు, పిల్లల ఆకలి పెద్ద సంకెళ్లు. అందుకే మిషన్‌తో ఆమె బంధాన్ని ఉద్ధరణ కథగా చదివితే పొరపడతాం. ఊరూరా తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని మనిషి మిషన్‌కు కావాలి. నమ్మకమైన జీతం, నలుగురిలో గౌరవం ఆమెకు కావాలి. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బైబిలు వినిపించే ‘బైబిలు స్త్రీ’ ఉద్యోగం ఇక్కడ ఈ రెండు అవసరాలూ కలిసిన చోట నిలదొక్కుకుంది.

జీతానికి చేసిన పని స్నేహం ఎలా అవుతుందని అడగవచ్చు. జీతమొక్కటే అయితే ఆజ్ఞలు ఒక వైపు నుంచే నడిచేవి. ఇక్కడ ఏ ఇంటికి ఏ వేళప్పుడు వెళ్లాలో, ఎవరిని ఏ వరుసతో పిలవాలో, ఏ మాట అంటే తలుపు మూసుకుంటుందో దొరసానికి నేర్పింది బైబిలు స్త్రీ. చదువు దొరసాని చెప్పింది, ఊరిని ఈమె చదివి పెట్టింది. ఇలాంటి జత పొరుగు మిషన్‌లోనూ ఉంది. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థించిన బాప్టిస్టులు ఐదుగురు. జ్యుయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే క్రైస్తవుడు పోగా మిగిలిన ఇద్దరూ నెల్లూరు మిషన్ స్త్రీలు, జూలియా, రూతు.

ఈ స్నేహం సమానుల మధ్యది కాదన్న అభ్యంతరం మరింత బలమైనది. డబ్బు ఒకరి చేతిలో ఉంది, నివేదిక రాసే కలమూ వాళ్లదే. ఒకామె ఇంటిపేరుతో సహా అచ్చయితే, రెండో ఆమె చాలాసార్లు ఒట్టి ‘మా బైబిలు స్త్రీ’గా మిగిలింది. దీన్ని కాదనలేం. కానీ సమానత లేదు గనుక బంధమే లేదనడం మరో అన్యాయం, అది ఆమె చేసిన పనిని రెండోసారి చెరిపేస్తుంది. ఆ పని విలువ మొదటి ప్రపంచ యుద్ధంలో బయటపడింది. దేశంలోని జర్మన్ మిషనరీలను ప్రభుత్వం నిర్బంధించి, తర్వాత కుటుంబాలతో సహా స్వదేశానికి పంపేసింది. హెర్మన్స్‌బర్గ్ కేంద్రాలు అమెరికాలోని ఒహాయో సినడ్ లూథరన్ల చేతికి వచ్చాయి. పోషించే దేశం మారింది, దొరసానుల భాష మారింది, వాడల్లో సంఘాలు మాత్రం చెదరలేదు. వాటిని నిలబెట్టినవాళ్లు స్థానిక ఉపదేశకులు, పంతుళ్లు, బైబిలు స్త్రీలు.

1945లో దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఏర్పడేనాటికి ఆ పునాది ఉంది. కాబట్టి సూళ్లూరుపేట మిషన్ చరిత్ర రాసేవాళ్లు విదేశీ నివేదికలతో పాటు బాప్తిస్మపు రిజిస్టర్లనూ, జీతాల పద్దులనూ చరిత్ర ఆధారాలుగా తీసుకోవాలి. ‘మా బైబిలు స్త్రీ’కి పేరు దొరికే అవకాశం ఉన్నది వాటిలోనే.