జల, వాయు కాలుష్య చట్టాలు - రాష్ట్ర శాసనసభల పాత్ర

భారతదేశంలో నీటి కాలుష్యాన్ని, గాలి కాలుష్యాన్ని అరికట్టడానికి రెండు ప్రధాన చట్టాలు ఉన్నాయి. మొదటిది 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. రెండవది 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. రెండింటినీ పార్లమెంటే చేసింది. రెండింటినీ క్షేత్రస్థాయిలో అమలు చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డులే. అయితే రాష్ట్ర శాసనసభల దృష్టితో చూసినప్పుడు ఇవి ఒకే కోవకు చెందిన చట్టాలు కావు. జల చట్టం రాష్ట్ర శాసనసభల సమ్మతి మీద ఆధారపడి పుట్టింది. వాయు చట్టానికి ఆ సమ్మతి అవసరం లేకపోయింది. చాలాకాలం పాటు న్యాయశాస్త్ర విద్యార్థులు తప్ప ఇతరులు పట్టించుకోని ఈ భేదం, 2023, 2024 సంవత్సరాలలో ఈ చట్టాలకు సవరణలు జరిగిన తరువాత ప్రాముఖ్యం పొందింది.

రాజ్యాంగ నేపథ్యం

రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు శాసనాధికారాన్ని కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడుగా విభజించింది. నీరు రాష్ట్ర జాబితాలోని 17వ అంశం. నీటి సరఫరా, సాగునీరు, కాలువలు, మురుగునీటి పారుదల, నీటి నిల్వ ఇందులోకి వస్తాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం కూడా రాష్ట్ర జాబితాలోనివే. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాలోకి మార్చింది గాని నీటిని కదిలించలేదు. పర్యావరణ పరిరక్షణ రాజ్యం బాధ్యత అని చెప్పే 48-ఎ అధికరణం కూడా ఆ సవరణతోనే వచ్చింది. కాని అది ఆదేశిక సూత్రం మాత్రమే. దాని వలన పార్లమెంటుకు కొత్త శాసనాధికారం ఏదీ రాలేదు.

రాష్ట్ర జాబితాలోని అంశంపై పార్లమెంటు చట్టం చేయవలసివస్తే ఉన్న మార్గాలలో 252వ అధికరణం ఒకటి. రెండు గాని అంతకంటె ఎక్కువ గాని రాష్ట్రాల శాసనసభలు "ఈ విషయంపై మా తరఫున పార్లమెంటు చట్టం చేయవచ్చు" అనే అర్థం వచ్చే తీర్మానాలు ఆమోదిస్తే పార్లమెంటు ఆ రాష్ట్రాలకు వర్తించే చట్టం చేయవచ్చు. శాసన మండలి ఉన్న రాష్ట్రాలలో ఆ సభ కూడా తీర్మానాన్ని ఆమోదించాలి. మిగిలిన రాష్ట్రాలు తరువాత తీర్మానం చేసి ఆ చట్టాన్ని స్వీకరించవచ్చు.

ఇదే అధికరణంలోని రెండవ నిబంధన మరింత ముఖ్యమైనది. ఇలా చేసిన చట్టాన్ని సవరించాలన్నా, రద్దు చేయాలన్నా పార్లమెంటే చేయాలి, అదీ మొదట అనుసరించిన పద్ధతిలోనే చేయాలి. సమ్మతించిన రాష్ట్రం తన సొంత చట్టంతో దానిని మార్చలేదు. అంటే, శాసనసభ ఒకసారి తీర్మానం చేస్తే ఆ విషయంపై తన కలాన్ని పార్లమెంటు చేతిలో పెట్టినట్టే. అయితే పార్లమెంటు తరువాత రాసినది తనకు వర్తించాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు శాసనసభకు మిగిలే ఉంటుంది.

తెలుగు పాఠకులకు పరిచయమైన ఉదాహరణ పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం. 1976లో ఇదే పద్ధతిలో వచ్చిన ఆ చట్టాన్ని పార్లమెంటు 1999లో రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును 2008లో గాని స్వీకరించలేదు. ఢిల్లీలో రద్దయిన చట్టం హైదరాబాదులో, విశాఖపట్నంలో, విజయవాడలో అన్నేళ్లూ అమలులోనే ఉంది.

1974 జల చట్టం

కేంద్ర చట్టం రాకముందే కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. ఒరిస్సా 1953లో నదీ కాలుష్య నివారణ చట్టాన్ని, మహారాష్ట్ర 1969 నాటి జల కాలుష్య నివారణ చట్టాన్ని తెచ్చుకున్నాయి. నది ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో పారుతుంది కాబట్టి విడివిడి చట్టాలతో పని జరగదన్న అభిప్రాయం బలపడింది. అస్సాం, బీహార్, గుజరాత్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, జమ్మూ కాశ్మీర్, కర్ణాటక, కేరళ, మధ్యప్రదేశ్, రాజస్థాన్, త్రిపుర, పశ్చిమ బెంగాల్ - ఈ పన్నెండు రాష్ట్రాల తీర్మానాల ఆధారంగా 1974 మార్చి 23న జల చట్టం అమలులోకి వచ్చింది.

ఈ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. కృష్ణా, గోదావరుల దిగువన ఉండి, ఎగువనుండి వచ్చే నీటిపై ఆధారపడిన రాష్ట్రం మొదటి వరుసలో లేకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. తరువాత మన రాష్ట్రం కూడా చట్టాన్ని స్వీకరించింది. 1976లో రాష్ట్ర బోర్డు ఏర్పడింది. అప్పట్లో దాని పరిధి జల కాలుష్యం మాత్రమే. వాయు చట్టం వచ్చిన తరువాత గాలి కూడా దాని బాధ్యతలలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరుగా బోర్డు ఏర్పాటయింది.

1981 వాయు చట్టం

1972 జూన్‌లో స్టాక్‌హోమ్ నగరంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు జరిగింది. అంతర్జాతీయ సదస్సుల నిర్ణయాలను అమలు చేయడానికి, విషయం ఏ జాబితాలో ఉన్నా, పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేయవచ్చునని 253వ అధికరణం చెబుతుంది. వాయు చట్టాన్ని ఈ అధికరణం కింద చేశారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగిన తరువాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టానికీ ఆధారం ఇదే. కాబట్టి ఈ రెండింటి విషయంలో శాసనసభల తీర్మానాల ప్రసక్తే లేదు.

వాయు చట్టాన్ని 1987లో, జల చట్టాన్ని 1988లో సవరించి, నిబంధనలు పాటించని పరిశ్రమను మూసివేయించే అధికారాన్ని, విద్యుత్తు, నీటి సరఫరా నిలిపివేయించే అధికారాన్ని బోర్డులకు ఇచ్చారు. అంతకుముందు బోర్డు ఇందుకోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి వచ్చేది.

బోర్డు నిర్మాణం, ప్రమాణాలు

రాష్ట్ర బోర్డు సభ్యులను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. అధ్యక్షుడు, పూర్తికాలపు సభ్య కార్యదర్శి కాక, ప్రభుత్వాధికారులు ఐదుగురికి మించకుండా, స్థానిక సంస్థల ప్రతినిధులు ఐదుగురికి మించకుండా ఉంటారు. వ్యవసాయం, చేపల పెంపకం, పరిశ్రమ, వాణిజ్యం వంటి రంగాల నుండి ముగ్గురి వరకు అనధికారులను, ప్రభుత్వ సంస్థల నుండి ఇద్దరిని తీసుకోవచ్చు. కాలుష్యానికి గురయ్యే గ్రామాల ప్రజలకు ప్రత్యేకంగా స్థానమేదీ చట్టంలో లేదు. ఇది పెద్ద లోపమనే చెప్పాలి.

పరిశ్రమ నుండి నదిలోకి లేదా చెరువులోకి వదిలే వ్యర్థజలంలో బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్నది దేశవ్యాప్త సాధారణ ప్రమాణం. నీటిలోని సేంద్రియ మలినాలను సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ పరిమాణాన్ని బి.ఓ.డి. అంటారు. అది పెరిగితే నీటిలోని ఆక్సిజన్ తరిగి చేపలు చనిపోతాయి. గాలి విషయంలో 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 10 ధూళి వార్షిక సగటు 60 మైక్రోగ్రాములు, పి.ఎం. 2.5 ధూళి వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు మించరాదు. జాతీయ ప్రమాణాలను తన పరిధిలోని ఒక పరిశ్రమకు లేదా ప్రాంతానికి మరింత కఠినం చేసే స్వేచ్ఛ రాష్ట్ర బోర్డుకు ఉంది. సడలించే స్వేచ్ఛ లేదు.

శాసనసభ సమీక్షకు ఉన్న మార్గాలు

చట్టాన్ని మార్చే అధికారం లేకపోయినా అమలును ప్రశ్నించే అధికారం శాసనసభకు ఉంది. రాష్ట్ర బోర్డు ప్రతి ఆర్థిక సంవత్సరానికి తన వార్షిక నివేదికను ప్రభుత్వానికి ఇవ్వాలి. ఆ సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలలలోగా, అంటే డిసెంబరు నెలాఖరులోగా, ప్రభుత్వం దానిని శాసనసభ ముందుంచాలి. జల చట్టంలోని 39వ సెక్షన్ ఈ విషయం చెబుతుంది. తరువాతి సెక్షన్ ప్రకారం బోర్డు లెక్కల తనిఖీ నివేదికను కూడా సభ ముందుంచాలి. వాయు చట్టంలోనూ ఇటువంటి నిబంధనలే ఉన్నాయి.

ఇవి కాక ప్రశ్నోత్తరాల సమయం, స్వల్పకాలిక చర్చలు, కాగ్ నివేదికలను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీ, నియమ నిబంధనలను పరిశీలించే కమిటీ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు వన్యప్రాణి, పర్యావరణ పరిరక్షణ కమిటీ కూడా ఉండేది. అయితే బడ్జెట్ పద్దులపై చర్చ సందర్భంగా బోర్డు పనితీరు ప్రస్తావనకు రావడానికి అవకాశం తక్కువ. పరిశ్రమలు చెల్లించే అనుమతి రుసుములే బోర్డుకు ప్రధాన ఆదాయం. సభ ఓటు వేసి ఇవ్వవలసిన సొమ్ము స్వల్పం. 1977 నాటి జల సుంకం చట్టం ద్వారా వచ్చే వాటా కూడా ఒకప్పుడు ఉండేది గాని, వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు 2017లో ఆ చట్టం రద్దయింది.

ఈ మార్గాలు సక్రమంగా పనిచేస్తే బాధితులు న్యాయస్థానాలకు వెళ్లవలసిన అవసరం తగ్గుతుంది. అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసి పొలాలను, బావులను పాడుచేసిన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది. రాష్ట్రంలో బోర్డు ఏర్పడి అప్పటికి పాతికేళ్లు నిండాయి.

ప్లాచిమడ బిల్లు

పరిహారం విషయంలో ఒక శాసనసభ సొంతంగా అడుగు వేసిన సందర్భం కేరళలో ఉంది. పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడ గ్రామంలోని శీతలపానీయాల కర్మాగారం వలన భూగర్భజలాలు తరిగి, కలుషితమయ్యాయని స్థానికులు ఉద్యమించారు. కర్మాగారం 2004లో మూతపడింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం నష్టాన్ని సుమారు 216 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. ఆ పరిహారాన్ని నిర్ణయించడానికి ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసే బిల్లును కేరళ శాసనసభ 2011 ఫిబ్రవరిలో ఆమోదించింది. బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. 2010 చట్టం కింద జాతీయ హరిత ట్రిబ్యునల్ అప్పటికే ఏర్పడి ఉండటంతో ప్రత్యేక ట్రిబ్యునల్ అవసరమా అన్న ప్రశ్న కేంద్రంలో తలెత్తింది. చివరకు రాష్ట్రపతి ఆమోదం లభించలేదు.

జంట జలాశయాలు

1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు కోసం నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకు రాష్ట్ర ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 జారీ చేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామాలు దీని పరిధిలోకి వచ్చాయి.

మరుసటి సంవత్సరమే ఆ పరిధిలో ఆముదపు నూనె ఉత్పత్తుల కర్మాగారానికి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. బోర్డు మాత్రం అనుమతి నిరాకరించింది. అప్పీలులో పరిశ్రమ నెగ్గగా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ బోర్డు - ఎం.వి. నాయుడు కేసుగా ఇది దేశమంతటా ప్రసిద్ధం. 1999 జనవరిలో, 2000 డిసెంబరులో వెలువడిన రెండు తీర్పులనూ జస్టిస్ ఎం. జగన్నాథరావు రాశారు. హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమపైనే ఉంటుందని మొదటి తీర్పు వివరించింది. ఒక ప్రాంతాన్ని నిషేధ పరిధిలో చేర్చిన తరువాత ఒక్క పరిశ్రమకు మాత్రం మినహాయింపు ఇవ్వడానికి చట్టంలో ఆధారం లేదని రెండవ తీర్పు స్పష్టం చేసింది.

ఇంత ముఖ్యమైన ఆంక్షలు శాసనసభ ఆమోదించిన చట్టంలో లేవు. ప్రభుత్వ ఉత్తర్వులోనే ఉన్నాయి. ఉత్తర్వును మరొక ఉత్తర్వుతో మార్చవచ్చు. 2022 మార్చిలో ముఖ్యమంత్రి జీవో 111 ఎత్తివేత గురించి శాసనసభలో ప్రకటించారు. ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను తొలగించారు. సభలో ప్రకటన వెలువడిందే గాని, దానిపై బిల్లు గాని ఓటింగు గాని జరగలేదు.

2023, 2024 సవరణలు

2023లో పార్లమెంటు ఆమోదించిన జన విశ్వాస్ చట్టం అనేక చట్టాలలోని జైలుశిక్షలను తొలగించి వాటి స్థానంలో జరిమానాలు పెట్టింది. వాయు చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం అందులో ఉన్నాయి. అవి 253వ అధికరణం కింద చేసినవి కాబట్టి సవరణ నేరుగా దేశమంతటికీ వర్తించింది. జల చట్టాన్ని అలా సవరించడం సాధ్యం కాలేదు. అందుకోసం వేరుగా బిల్లు తెచ్చారు. హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్ శాసనసభల తీర్మానాల ఆధారంగా 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించింది. మొదట అది ఆ రెండు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు మాత్రమే వర్తించింది.

నీటిలోకి కలుషిత పదార్థాలు వదిలినందుకు పాత చట్టంలో ఏడాదిన్నర నుండి ఆరేళ్ల వరకు జైలుశిక్ష ఉండేది. సవరణ దాని స్థానంలో 10 వేల రూపాయల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. జరిమానా నిర్ణయించేది న్యాయస్థానం కాదు, కేంద్రం నియమించే అధికారి. అనుమతి లేకుండా పరిశ్రమ నడిపితే మాత్రం జైలుశిక్ష కొనసాగుతుంది. కొన్ని తరగతుల పరిశ్రమలకు అసలు అనుమతి అవసరం లేకుండా మినహాయించే అధికారం, రాష్ట్ర బోర్డు అధ్యక్షుని నియామక విధానాన్ని నిర్దేశించే అధికారం కేంద్రానికి దక్కాయి.

చిన్న పొరపాట్లకు జైలు భయం ఉండరాదని, కోర్టులలో ఏళ్ల తరబడి సాగే కేసుల కంటె వెంటనే పడే జరిమానాయే మేలని సవరణను సమర్థించేవారు అంటారు. పెద్ద పరిశ్రమకు 15 లక్షల రూపాయలు శుద్ధి కేంద్రం నడిపే ఖర్చు కంటె తక్కువ కావచ్చునని, నీటిపై రాష్ట్రాల అధికారం క్షీణిస్తుందని విమర్శకులు అంటారు. రెండవ వాదంలోని మొదటి భాగాన్ని తేలికగా తీసిపారవేయడం కష్టం.

తక్కిన రాష్ట్రాల శాసనసభలకు ఇక్కడ నిజమైన ఎంపిక ఉంది. తీర్మానం చేస్తే సవరించిన చట్టం, చేయకపోతే సవరణకు ముందున్న శిక్షలతోనే పాత చట్టం. తీర్మానం కొద్ది వాక్యాలే అయినా బిల్లులాగే ఓటింగుకు వస్తుంది. సభ్యులు కోరితే చర్చకూ వస్తుంది. తీర్మానం చేయని రాష్ట్రంలో ఒకే కర్మాగారం పొగగొట్టానికి 2023లో సవరించిన చట్టం, దాని మురుగు కాలువకు సవరణకు ముందున్న చట్టం వర్తిస్తాయి.